బాలయేసు సమర్పణ పండుగను అర్థవంతంగా ఎలా ఆచరించాలి?

డిసెంబరు 25ను ఒకటో రోజుగా పెట్టుకుని లెక్కిస్తే ఫిబ్రవరి 2 సరిగ్గా నలభయ్యో రోజు అవుతుంది. బిడ్డ పుట్టిన నలభై రోజులకు మరియ, యోసేపు ఆ పసివాణ్ని యెరూషలేము దేవాలయానికి తీసుకువెళ్లిన సంఘటనను క్రైస్తవులు ఆ రోజున స్మరించుకుంటారు. బాలయేసు సమర్పణ పండుగ అనీ, కొవ్వొత్తుల పండుగ అనీ పిలిచే ఈ దినానికి క్రిస్మస్‌కు ఉన్న సందడి లేకపోవడంతో, చాలా ఇళ్లలో ఇది క్యాలెండరులో ఒక పేరుగా మాత్రమే మిగిలిపోయింది. ఆచరించేవారిలోనూ కొందరు గుడిలో కొవ్వొత్తి వెలిగించి ఇంటికి వచ్చేస్తే పండుగ ముగిసినట్టే భావిస్తారు. కొవ్వొత్తి ఈ పండుగకు తరువాత వచ్చి చేరిన ఆచారం. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఒక పురుషుడు, ఒక వృద్ధురాలు చివరికి ఆ పసిబిడ్డను కళ్లారా చూడడమే దీనికి ఆయువుపట్టు. కాబట్టి మీ ఏర్పాట్లు ఏవైనా, ముందు వాక్యం, తరువాత వెలుగు అనే వరుస తప్పకుండా చూసుకోండి.

ముందుగా తేదీని నిర్ణయించుకోండి

కతోలిక సంఘంలో ఈ పండుగ ఫిబ్రవరి 2వ తేదీననే వస్తుంది. ఆ రోజు ఆదివారమైతే మామూలు ఆదివార ప్రార్థనల స్థానంలో పండుగ ప్రార్థనలే జరుగుతాయి. ఆంగ్లికన్ సంప్రదాయానికి మూలమైన ఇంగ్లాండు సంఘంలో జనవరి 28కీ ఫిబ్రవరి 3కీ మధ్య వచ్చే ఆదివారానికి దీనిని జరుపుకునే వెసులుబాటు ఉంది. లూథరన్ సంఘాలూ ఈ పండుగను పాటిస్తాయి. ఆర్థడాక్సు సంఘాల్లో పాత జూలియన్ పంచాంగాన్ని అనుసరించేవారికి ఇది ఇప్పుడు మన లెక్కలో ఫిబ్రవరి 15న వస్తుంది. ఆర్మేనియా సంఘం ప్రభువు జననాన్ని జనవరి 6న జరుపుకుంటుంది గనుక, అక్కడి నుంచి నలభై రోజులు లెక్కించి ఫిబ్రవరి 14న ఈ పండుగను ఆచరిస్తుంది.

ఆర్మేనియన్ల లెక్కే నిజానికి పాతది. నాలుగో శతాబ్దం చివర యెరూషలేము యాత్ర చేసిన ఎగేరియా అనే స్త్రీ, జనవరి 6 తరువాతి నలభయ్యో రోజును అక్కడివారు ఈస్టరు అంతటి గౌరవంతో జరుపుకోవడం చూసి రాసి పెట్టింది. ఈ పండుగ గురించి మనకు దొరుకుతున్న తొలి స్పష్టమైన సాక్ష్యాల్లో అది ఒకటి. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కాలానికి కాన్‌స్టాంటినోపుల్‌లో దీనికి పెద్ద స్థానం లభించింది. రోములో 687 నుంచి 701 వరకు పోపుగా ఉన్న మొదటి సెర్గియసు ఈ రోజున ఊరేగింపు జరగాలని నియమించాడు. రోమన్ల లూపెర్కాలియా అనే అన్యమత ఉత్సవాన్ని మరిపించడానికే దీనిని పుట్టించారనే మాట తరచుగా వినిపిస్తుంది. అయితే పండుగ మొదట కనిపించేది రోములో కాకుండా యెరూషలేములో. దాని తేదీ వచ్చింది బైబిల్లోని ధర్మశాస్త్ర గ్రంథమైన లేవీయకాండపు నలభై రోజుల లెక్క నుంచి. అందువల్ల ఆ వాదనకు అంత బలం లేదు.

మీ సంఘం ఈ పండుగను ఆచరిస్తుంటే సంఘం పాటించే తేదీనే మీరూ పాటించండి. ఆచరించని సంఘానికి చెందినవారైతే ఇంట్లో ఫిబ్రవరి 2 సాయంత్రం చేసుకోవడం సులువు.

వాక్యాన్ని నెమ్మదిగా చదవండి

ఈ పండుగకు ఆధారం లూకా సువార్త 2వ అధ్యాయం, 22వ వచనం నుంచి 40వ వచనం వరకు. అంతా కలిపి పంతొమ్మిది వచనాలే గనుక పండుగకు రెండు మూడు రోజుల ముందే ఒకసారి మీకు మీరుగా చదువుకోండి. దానితోపాటు లేవీయకాండము 12వ అధ్యాయం, నిర్గమకాండము 13వ అధ్యాయంలోని మొదటి పదహారు వచనాలు కూడా చదివితే, ఆ దంపతులు దేవాలయానికి ఎందుకు వెళ్లారో తెలుస్తుంది. లూకా రెండు వేర్వేరు విధులను ఒకే ప్రయాణంలో కలిపి చెప్పాడు. మొదటిది తల్లికి సంబంధించినది: మగబిడ్డను కన్న స్త్రీ ఏడు రోజులు, ఆపైన ముప్పై మూడు రోజులు గడిచాక బలి అర్పించాలి. రెండోది బిడ్డకు సంబంధించినది: తొలిచూలు మగబిడ్డ దేవునికి చెందినవాడు గనుక అతణ్ని విడిపించుకోవాలి. ఆ విడుదల వెల ఐదు షెకెలుల వెండి అని సంఖ్యాకాండము 18వ అధ్యాయం చెబుతుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గర తప్పకుండా ఆగండి. తల్లి తేవలసిన బలి ఏడాది వయసున్న గొర్రెపిల్ల, దానితో పాటు ఒక పావురపు పిల్ల గాని గువ్వ గాని. గొర్రెపిల్లను తెచ్చే స్తోమతు లేకపోతే రెండు గువ్వలు గాని రెండు పావురపు పిల్లలు గాని తేవచ్చని ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చింది. లూకా ప్రస్తావించినది ఆ పక్షుల జతను మాత్రమే. ఆ కుటుంబం పేదదని అతడు ఎక్కడా విడిగా చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. ధర్మశాస్త్రం తెలిసిన పాఠకుడికి ఆ పక్షులను చూడగానే వారి ఇంటి పరిస్థితి అర్థమైపోతుంది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేదీ, నా దృష్టిలో మొత్తం ఘట్టంలోకెల్లా విలువైనదీ ఈ వివరమే.

శుద్ధీకరణ అనే మాట కూడా కొందరిని ఇబ్బంది పెడుతుంది. రోమను పంచాంగంలో 1969 సంస్కరణ వరకు ఈ పండుగ పేరే మరియమాత శుద్ధీకరణ. ఆ తరువాతనే ప్రభువు సమర్పణ అన్న పేరు స్థిరపడింది. బిడ్డను కనడం పాపమని గాని, తల్లి మైలపడిందని గాని దీని అర్థం కాదు. లేవీయకాండము మాట్లాడుతున్నది ఆరాధనలో పాల్గొనేందుకు కావలసిన ఆచారపరమైన స్థితి గురించి మాత్రమే. ఇంట్లో ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే దాటవేయకుండా ఈ మాట వివరించండి.

దేవాలయంలో ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్న సుమెయోను విషయంలో మనకు అలవాటైన ఊహలను కాస్త పక్కన పెట్టి చదవాలి. బొమ్మల్లో అతడు తెల్లగడ్డంతో, యాజకుడి అంగీలతో కనిపిస్తాడు. లూకా మాత్రం అతని వయసు చెప్పలేదు, యాజకుడని కూడా అనలేదు. నీతిమంతుడు, భక్తిపరుడు, ఇశ్రాయేలు ఆదరణ కోసం కనిపెట్టుకుని ఉన్నవాడు, క్రీస్తును చూడకుండా మరణించడని పరిశుద్ధాత్మ ద్వారా తెలుసుకున్నవాడు అని మాత్రమే చెప్పాడు. వయసు చెప్పినది అన్న అనే ప్రవక్త్రి విషయంలో. ఆమె ఆషేరు గోత్రానికి చెందిన ఫనూయేలు కుమార్తె, పెళ్లైన ఏడేళ్లకే భర్తను కోల్పోయింది. ఆ వచనంలోని ఎనభై నాలుగు ఆమె వయసు అని కొందరు, ఆమె వైధవ్యంలో గడిపిన ఏళ్లు అని మరికొందరు చదువుతారు. రెండో విధంగా చదివితే ఆమెకు నూరేళ్లు దాటి ఉండాలి. ఏ విధంగా చూసినా, దేవాలయాన్ని విడవకుండా ఉపవాస ప్రార్థనలతో గడిపిన ఆమె ఆ బిడ్డను చూసి ఊరుకోలేదు. విమోచన కోసం ఎదురుచూస్తున్న వారందరికీ అతని గురించి చెప్పింది.

కొవ్వొత్తులను సిద్ధం చేయండి

ఈ రోజుకూ కొవ్వొత్తికీ సంబంధం సుమెయోను మాటల వల్ల ఏర్పడింది. బిడ్డను చేతుల్లోకి తీసుకుని అతడు పలికిన స్తోత్రంలో ఆ శిశువు అన్యజనులకు వెలుగు అనే మాట ఉంది. తేనెమైనం క్రీస్తు శరీరానికి, వత్తి ఆత్మకు, జ్వాల దైవత్వానికి గుర్తులని మధ్యయుగపు వ్యాఖ్యాతలు వివరించారు. అందుకే తేనెమైనపు కొవ్వొత్తులకు సంప్రదాయంలో ప్రత్యేక స్థానం ఉంది. అవి దొరక్కపోతే మామూలు మైనపు కొవ్వొత్తులు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. సువాసనలు కలిపిన రంగురంగుల గాజు దీపాలను మాత్రం నేను సూచించను. అవి చేత్తో పట్టుకుని నడవడానికి పనికిరావు, పైగా మనసును పండుగ మీది నుంచి అలంకరణ మీదికి లాగుతాయి.

ఒక్కొక్కరికీ పట్టుకున్న పిడికిలికి పైన కనీసం జానెడు పొడవు మిగిలే సన్నని కొవ్వొత్తి చాలు. మైనం చేతిమీద కారకుండా ప్రతి కొవ్వొత్తికీ ఒక అట్ట బిళ్ల అమర్చండి: మందపాటి అట్టను అరచేయంత గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిన్న కూడిక గుర్తు ఆకారంలో గాటు పెట్టి, కొవ్వొత్తిని కింది నుంచి దూర్చి, పిడికిలికి రెండు వేళ్ల పైన నిలపాలి. గాటు పెద్దదైతే బిళ్ల జారి కిందికి వస్తుంది కాబట్టి మొదట చిన్నగా కోసి చూడండి. వత్తి పొడవుగా ఉంటే మంట ఎగసి మసి పడుతుంది. దానిని దాదాపు 6 మిల్లీమీటర్లకు కత్తిరించండి.

గుడిలో జరిగే క్రమంలో పాల్గొనండి

కతోలిక ఆచారంలో విశ్వాసులు వెలగని కొవ్వొత్తులతో గుడి బయట గాని మరో ప్రార్థనా మందిరంలో గాని సమావేశమవుతారు. కొవ్వొత్తులు వెలిగించాక గురువు వాటిని ఆశీర్వదిస్తాడు. అందరూ పాడుకుంటూ గుడిలోకి ఊరేగింపుగా వెళతారు. ఇది పొడవైన ఊరేగింపు కానక్కరలేదు. ప్రభువును కలుసుకోవడానికి జనం నడిచి వెళ్లడమే దాని భావం. తూర్పు సంఘాల్లో ఈ పండుగకు ఉన్న పేరు కూడా ఆ కలయికనే సూచిస్తుంది. ఆ తరువాత మలాకీ 3వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు, హెబ్రీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 14 నుంచి 18 వరకు, చివరగా లూకా సువార్త భాగం చదువుతారు. మలాకీలో ప్రభువు తన ఆలయానికి హఠాత్తుగా వస్తాడని, వెండిని శుద్ధి చేసే అగ్నిలా ఉంటాడని ఉంటుంది. నిప్పులా వచ్చేవాడిని ఎదురుచూసిన ఆలయంలోకి ఒక పసికందు రావడం ఈ పఠనాలను పక్కపక్కన విన్నప్పుడే మనసుకు తడుతుంది. కాబట్టి ఆలస్యంగా వెళ్లి మొదటి పఠనాన్ని పోగొట్టుకోకండి.

సంఘంలో ఏర్పాట్లు చూసే బాధ్యత మీదే అయితే వెలుగు అందించే పద్ధతిని ముందే అందరికీ చెప్పండి. బలిపీఠం దగ్గర వెలుగుతున్న కొవ్వొత్తి నుంచి ఇద్దరో ముగ్గురో సహాయకులు వెలిగించుకుని, ప్రతి వరుసలో చివరన ఉన్నవారికి అందిస్తే, వరుసలోని వారు ఒకరికొకరు అందించుకుంటారు. ఇందులో ఒకే ఒక నియమం ఉంది: వెలుగుతున్న కొవ్వొత్తిని నిటారుగానే ఉంచాలి, వెలగని దానినే వంచి అంటించుకోవాలి. చాలామంది అలవాటు కొద్దీ తమ వెలుగుతున్న కొవ్వొత్తినే పక్కవారి వైపు వంచుతారు. అప్పుడు కరిగిన మైనం పక్కవారి చేతిమీదో బట్టలమీదో పడుతుంది. అందరి చేతుల్లోనూ వెలుగు చేరాకే దీపాలు తగ్గించండి. నడవాల్లో మాత్రం కొంత వెలుతురు ఉండనివ్వండి. ఫ్యాన్లు ఆపించండి. జుట్టు, పైటలు, వేలాడే వస్త్రాలు మంటకు దూరంగా ఉండేలా చూసుకోమని చెప్పండి. చిన్నపిల్లలకు బ్యాటరీతో వెలిగే దీపాలు ఇవ్వడంలో చిన్నతనమేమీ లేదు.

1997 నుంచి ఇదే రోజును కతోలిక సంఘం సమర్పిత జీవిత దినంగా పాటిస్తోంది. పోపు రెండో జాన్ పాల్ దానిని ప్రారంభించారు. మీకు తెలిసిన మఠకన్యలు గాని మఠవాసులు గాని ఉంటే ఆ రోజు వెళ్లి పలకరించండి.

ఇంట్లో సాయంత్రం ప్రార్థనను నడపండి

ఇంటి ప్రార్థనకు అరగంట చాలు. చీకటి పడే వేళకు అందరూ ఒకచోట కూర్చోండి. మధ్యలో ఒక పెద్ద కొవ్వొత్తి, ఒక్కొక్కరి చేతిలో వెలగని చిన్న కొవ్వొత్తి ఉండాలి. ముందు దీపం కిందనే లూకా సువార్త భాగాన్ని చదవండి. ఒక్కరే చదివే బదులు పంచుకుని చదివితే పిల్లల ధ్యాస నిలుస్తుంది: కథనం ఒకరు, సుమెయోను మాటలు ఇంట్లో అందరికన్నా పెద్దవారు, అన్న గురించిన మూడు వచనాలు మరొకరు. సుమెయోను మాటలను తాతయ్యకో అమ్మమ్మకో అప్పగించడం వేడుక కోసం మాత్రమే కాదు. ఇప్పుడు నీ దాసుణ్ని సమాధానంతో పోనివ్వు అనే ప్రార్థన ఒక యువకుడి గొంతులోనూ, బతుకును చాలావరకు చూసేసిన మనిషి గొంతులోనూ ఒకేలా పలకదు. వారికి చూపు ఆనకపోతే 29 నుంచి 32 వరకు ఉన్న నాలుగు వచనాలను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద ముందే రాసి ఇవ్వండి.

చదవడం పూర్తయ్యాక పెద్ద కొవ్వొత్తిని వెలిగించి, దీపాలు ఆపండి. ఇంట్లోని పెద్దవారు దాని నుంచి తమ కొవ్వొత్తి వెలిగించుకుని, వయసు వరుసలో తమ తరువాతి వారికి, వారు ఆ తరువాతి వారికి, చివరికి అందరికన్నా చిన్నవారికి అందించాలి. నలభై రోజుల వయసుకు అటూ ఇటూగా ఉన్న పసిబిడ్డ ఇంట్లో ఉంటే ఆ సాయంత్రం మరీ నిండుగా ఉంటుంది. ఆర్థడాక్సు సంఘాల్లో బిడ్డను నలభయ్యో రోజున గుడికి తీసుకువెళ్లే ఆచారం నేటికీ ఉంది. మీ ఇంట్లో ఆ బిడ్డను పెద్దవారి చేతుల్లో పెట్టి ఆశీర్వదించమని అడగండి; ఆ సమయంలో బిడ్డను ఎత్తుకున్నవారి చేతిలో కొవ్వొత్తి ఉండకూడదు. పిల్లలు లేని ఇంట్లో, లేదా ఒంటరిగా ఉండేవారు, ఏదో లోటు ఉన్నట్టు భావించనక్కరలేదు. దేవాలయంలో అన్న కూడా ఒంటరిదే.

తరువాత సుమెయోను స్తోత్రాన్ని అందరూ కలిసి పలకండి. కతోలికులు నిద్రకు ముందు చేసే రాత్రి ప్రార్థనలో, ఆంగ్లికన్లు సాయంకాల ప్రార్థనలో దీనిని ప్రతిరోజూ వాడతారు గనుక పండుగ మరుసటి రోజు నుంచి మీరూ రాత్రి ప్రార్థనలో దానిని కొనసాగించవచ్చు. నాలుగు వచనాలే కాబట్టి కొద్ది రోజుల్లోనే కంఠస్థమవుతాయి.

ఇంటి ప్రార్థనల్లో చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కాని సుమెయోను అక్కడ ఆగలేదు. బిడ్డ అనేకుల పతనానికీ లేవడానికీ కారణమవుతాడని, తల్లి ప్రాణంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని అతడు మరియతోనే అన్నాడు. ఈ పండుగకు ఒక ముఖం క్రిస్మస్ వైపు, మరో ముఖం సిలువ వైపు ఉన్నాయనడానికి ఆ మాటే ఆధారం. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలయ్యే బూడిద బుధవారం కొన్ని అరుదైన సంవత్సరాల్లో ఫిబ్రవరి 4కే వచ్చేస్తుంది. అందుకని 34, 35 వచనాలను చేతుల్లో వెలుగు ఉండగానే మళ్లీ ఒకసారి చదివి, రెండు నిమిషాలు మౌనంగా ఉండండి. ఆ మౌనంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను, దీర్ఘకాలంగా మంచం పట్టినవారిని, ఏదో ఒక జవాబు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవారిని తలచుకుని, మీకు తెలిసినవారైతే పేర్లతోనే ప్రార్థించండి. అలాంటివారు మీ దగ్గర్లోనే ఉంటే ప్రార్థన కాగానే ఒక కొవ్వొత్తి తీసుకుని వారి ఇంటికి వెళ్లి రావడం ఈ పండుగకు అన్నిటికంటే తగిన పని.

కొవ్వొత్తులు ఆర్పేటప్పుడు ఊదవద్దు, మైనం చిందుతుంది. చిన్న లోహపు మూతతో కప్పండి, లేదా వత్తిని ఒక పుల్లతో కరిగిన మైనంలోకి వంచి వెంటనే నిలబెట్టండి. గిన్నెలోని మైనం అంటుకుని మండితే నీళ్లు పోయకూడదు. మూత పెట్టి గాలి అందకుండా చేయాలి. బట్టల మీద పడిన మైనాన్ని గట్టిపడనిచ్చి గీకి, పైనా కిందా కాగితం వేసి గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో ఒత్తితే మిగిలినది కాగితానికి పట్టుకుంటుంది.

పశువుల పాకను దించండి

క్రిస్మస్ కాలం అధికారికంగా ఎప్పుడు ముగుస్తుందన్నది సంఘాన్ని బట్టి మారుతుంది. రోమను క్రమంలో ప్రభువు బాప్తిస్మ పండుగతో అది ముగుస్తుంది. ఇంగ్లాండు సంఘంలో మాత్రం ఆ తరువాతి కాలం ఈ సమర్పణ పండుగ వరకు సాగుతుంది. ఏ సంఘంవారైనా ఇంట్లో క్రిస్మస్‌కు బొమ్మలతో పెట్టిన పశువుల పాకను ఫిబ్రవరి 2 వరకు ఉంచుకోవడం పాత అలవాటే. అలా ఉంచినట్టయితే నక్షత్రాలు, విద్యుద్దీపాలు ముందే తీసేసి, పాకను ఒక్కదానినే మిగల్చండి. ప్రార్థన ముగిశాక జ్ఞానులు, గొర్రెల కాపరులు, పశువుల బొమ్మలను ఒక్కొక్కటిగా పిల్లల చేత సర్దించి, చివరికి బాలయేసు ప్రతిమను తీసి, ఇంట్లో అందరి చేతుల మీదుగా పంపి, మెత్తని గుడ్డలో చుట్టి పెట్టెలో పైన ఉంచండి. పై ఏడు పెట్టె తెరవగానే మొదట అదే కనిపిస్తుంది.

మిగిలిన కొవ్వొత్తులను దాచండి

గుడిలో ఆశీర్వదించిన కొవ్వొత్తిని సంవత్సరమంతా దాచి ఉంచి, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, తుఫాను వేళల్లో, అవసాన ఘడియల్లో వెలిగించుకోవడం కతోలిక కుటుంబాల్లో తరతరాలుగా ఉన్న ఆచారం. దానిని వేడి తగలని చోట, పడుకోబెట్టి, కాగితంలో చుట్టి ఉంచండి. నిలబెడితే ఎండకాలంలో వంగిపోతుంది. మరుసటి రోజు, ఫిబ్రవరి 3, సెబాస్తె బిషప్పు పునీత బ్లేజు స్మరణ దినం. ఆ రోజు గురువు వెలగని రెండు కొవ్వొత్తులను గుణకారపు గుర్తులా పట్టుకుని ఒక్కొక్కరి గొంతు దగ్గర ఉంచి ఆశీర్వదిస్తాడు. కాలి మిగిలిపోయిన ఆశీర్వాదపు కొవ్వొత్తి ముక్కలను చెత్తబుట్టలో వేయకూడదు. వాటిని ప్రార్థన వేళల్లో పూర్తిగా కాల్చేయవచ్చు, లేదా ఒక డబ్బాలో కూడబెట్టి కరిగించి కొత్త కొవ్వొత్తి పోసుకోవచ్చు. అదీ వీలుపడకపోతే ఎవరూ తొక్కని చోట మట్టిలో పాతిపెట్టండి.